రేడియేషన్ మాట ముందే, ఆమె ముందే

తలలో గడ్డకి ఆపరేషన్ అనగానే మనవాళ్ళు చాలా చూస్తారు. మంచిరోజు చూస్తారు, డబ్బు ఎక్కడినుంచి తేవాలో చూస్తారు, రక్తం ఇచ్చే కుర్రాళ్ళని చూస్తారు, హాస్పిటల్లో రాత్రిళ్ళు ఎవరు పడుకోవాలో చూస్తారు. రేడియేషన్ డాక్టర్ని మాత్రం చూడరు. "అది తర్వాత సంగతి, ముందు గడ్డ తీయనీ" అంటారు. ఆ 'తర్వాత' అనే మాట మీదే నా గొడవంతా.

నేను డాక్టర్ని కాను. ఇంట్లో వండి వార్చే మనిషిని. కానీ పోయిన కార్తీకమాసం నుంచి మా తోటికోడలి ఫైలు నా చేతిలో ఉంది. వాళ్ళది తణుకు. వైద్యం హైదరాబాదులో కాబట్టి మా ఇంట్లోనే ఉంది. ఆ ఫైలు పట్టుకుని ముగ్గురు డాక్టర్ల గుమ్మాలు ఎక్కి, విసుక్కున్నా వదలకుండా అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను. మందులు చెప్పడానికి కాదు. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో చెప్పడానికి.

ముందుగా ఒక మాట. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ మెదడుకి పాకితే అది బ్రెయిన్ క్యాన్సర్ కాదు. అక్కడికి వెళ్ళి కూర్చున్న రొమ్ము క్యాన్సరే. మెదడుకి ఎక్కువగా పాకేవి ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, మెలనోమా అనే చర్మపు క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్లలో హెర్-2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ అనే రకాలకి ఆ గుణం ఎక్కువ. మెదడుకి ఒక కాపలా గోడ ఉంటుంది, రక్తంలోని మందుల్ని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. అందుకే ఒళ్ళంతా మందు బాగా పనిచేస్తున్నా తలలో మాత్రం గడ్డ పెరగొచ్చు. మా అక్కకి (తోటికోడల్ని అక్కా అనే పిలుస్తాను) అదే జరిగింది. రొమ్ముకి వైద్యం అయిపోయి నాలుగేళ్ళయింది, స్కానులన్నీ బాగున్నాయి. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, కుడిచేత్తో గరిటె పట్టు జారిపోవడం మొదలైంది. ఎమ్మారై తీస్తే ఎడమవైపు ఒక్కటే గడ్డ, మూడు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ.

అంత పెద్దదైతే, ఒక్కటే అయితే, తీయడానికి వీలైన చోట ఉంటే, తీసేయడమే మంచిదంటారు. ఇది ఇవాళ పుట్టిన మాట కాదు. అమెరికాలో కెంటకీ యూనివర్సిటీ డాక్టర్లు 1990లోనే తేల్చారు. మెదడులో ఒకే గడ్డ ఉన్నవాళ్ళని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి తల మొత్తానికి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు, రెండో జట్టుకి గడ్డ తీసి ఆ రేడియేషన్ ఇచ్చారు. మొదటివాళ్ళు బతికినది మధ్యస్థంగా 15 వారాలు, రెండోవాళ్ళు 40 వారాలు. అంకెలు చదివితే గుండె జారుతుంది, నాకూ జారింది. కానీ అవి ముప్పై ఐదేళ్ళ నాటివి. అప్పటికి ఇప్పటి మందులు లేవు.

మనకి ఎవరూ చెప్పని సంగతి ఆ డాక్టర్లే 1998లో ఇచ్చిన రెండో లెక్కలో ఉంది. గడ్డ పూర్తిగా తీసేశాం, స్కానులో ఏమీ లేదు, ఇక రేడియేషన్ ఎందుకు అని వదిలేసినవాళ్ళలో 70 శాతం మందికి మెదడులో మళ్ళీ వచ్చింది. రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో 18 శాతం మందికే వచ్చింది. సర్జన్ చెయ్యి మంచిదే. కానీ కంటికీ స్కానుకీ కనపడని కణాలు ఆ గుంత గోడల్లో మిగిలిపోతాయి. మాడిన గిన్నె తోమినట్టే అనుకోండి, తళతళలాడుతున్నా వేలు పెడితే గరుకు తగుల్తుంది.

అంటే ఆపరేషన్ సగం వైద్యం. మిగతా సగం రేడియేషన్. సగం వైద్యానికి తేదీ ఖాయం చేసి, రెండో సగాన్ని 'తర్వాత చూద్దాం' అనడం ఏం పద్ధతి?

మాకు జరిగింది అదే. హాస్పిటల్ పేరు చెప్పను, అవసరం లేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడోరోజుకి అక్క లేచి కూర్చుని కాఫీ అడిగింది. డిశ్చార్జి కాగితంలో చివరి వరుసలో 'రేడియేషన్ ఆంకాలజీ ఒపీనియన్' అని ఒక్క ముక్క. అప్పటిదాకా ఆ మాట ఎవరూ మాతో అనలేదు. కుట్లు విప్పేదాకా ఆగమన్నారు. బయాప్సీ రిపోర్టు పది రోజులు పట్టింది. అది పట్టుకెళ్తే తల మొత్తానికి పది సిట్టింగులు అన్నారు. బావగారికి నచ్చలేదు, ఇంకోచోట అడుగుదామన్నారు. అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడానికి వారం. వాళ్ళు మళ్ళీ ఎమ్మారై తీయమన్నారు. సంక్రాంతికి ముగ్గులు మొదలయ్యే వేళకి, ఆపరేషన్ అయిన ఏడు వారాలకి, ఆ ఎమ్మారైలో గుంత అంచున శనగగింజంత చుక్క కనపడింది. ఈలోగా ఒంటికి ఇవ్వాల్సిన మందు కూడా ఆగిపోయింది, రేడియేషన్ తేలేదాకా ఆగుదామని.

ఆ రెండోచోట కూర్చున్నది ఒక లేడీ డాక్టరు గారు. ఆవిడ చెప్పగా తెలిసింది, తలకి రేడియేషన్ అంటే ఒకటే రకం కాదని.

ఒకటి తల మొత్తానికి ఇచ్చేది. ఎక్కువ గడ్డలుంటే ఇప్పటికీ అదే ఆధారం. రెండోది గురిపెట్టి ఇచ్చేది. గడ్డ తీసిన గుంతకీ దాని అంచుకీ మాత్రమే, ఒకటి నుంచి ఐదు సిట్టింగుల్లో. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ వాళ్ళు 2017లో చూపించారు: ఆపరేషన్ చేసి వదిలేస్తే ఏడాది తిరిగేసరికి అదే చోట మళ్ళీ రానివాళ్ళు 43 శాతం, గుంతకి గురిపెట్టి ఇస్తే 72 శాతం.

మూడోది వింటుంటే నాకు నోట మాట రాలేదు. ఆపరేషన్ టేబుల్ మీదే, తల తెరిచి ఉండగానే ఇచ్చేస్తారట. గడ్డ తీయగానే ఒక ముక్కని పెథాలజీ వాళ్ళు అక్కడికక్కడే గడ్డకట్టించి పరీక్ష చేసి, ఇది పాకివచ్చిన క్యాన్సరే అని చెప్తారు. అప్పుడు ఆ గుంత కొలతకి సరిపోయే గోళీలాంటి గుండ్రటి సాధనాన్ని లోపల పెడతారు. ఒకటిన్నర సెంటీమీటర్ల నుంచి ఐదు దాకా సైజులున్నాయట, గాజుల కొట్టులో గాజుల్లాగా. దాని నడిమధ్య నుంచి తక్కువ శక్తి ఎక్స్-రేలు వస్తాయి. గుంత గోడకి గట్టిగా తగిలి, కొన్ని మిల్లీమీటర్లు దాటేసరికి బాగా పల్చబడిపోతాయి. గుంత సైజుని బట్టి పావుగంటో అరగంటో. తర్వాత గోళీ తీసేసి తల మూసేస్తారు. ఆమె మత్తులోంచి లేచేసరికి రెండు సగాలూ అయిపోయి ఉంటాయి.

ఈ గోళీ మనకి పరాయిది కూడా కాదు. ఇదే ఇంట్రాబీమ్ అనే మెషిన్‌ని రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లోనే పెట్టి చూశారు. లండన్ డాక్టర్ల నాయకత్వంలో 2000లో మొదలైన టార్గిట్ పరిశోధనలో 11 దేశాల నుంచి 3,451 మంది ఆడవాళ్ళు చేరారు. వారాల తరబడి రోజూ హాస్పిటల్‌కి తిరిగే బదులు ఒక్కసారే, ఆపరేషన్లోనే ఇస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న. తర్వాత జర్మనీలోనూ అమెరికాలోనూ మెదడుకి పాకిన గడ్డల్లో వాడారు. 2019లో పలుచోట్ల వైద్యం చేయించుకున్న 54 మంది లెక్క కలిపి చూస్తే, ఏడాది తర్వాత ఆ చోట మళ్ళీ రానివాళ్ళు 88 శాతం. రేడియేషన్ వల్ల చుట్టూ ఉన్న కణజాలం చచ్చుబడినవాళ్ళు 7 శాతం.

88 అనేది 72 కంటే పెద్ద అంకె కదా అని ఎగిరి గంతేయకండి. అది 54 మంది, ఏరి తీసుకున్నవాళ్ళు. రెండూ పక్కపక్కన పెట్టి చీటీ వేసి పోల్చిన లెక్క కాదు. పైగా అందరికీ పనికిరాదు. గడ్డ కంటినరాలకో మెదడుకాండానికో దగ్గరగా ఉంటే కుదరదు. గుంత వంకరటింకరగా ఉండి గోళీ గోడకి ఆనకపోతే కుదరదు. ఆ ముక్క పరీక్షలో అనుమానం వస్తే ఆగాలి. మెదడులో వేరేచోట ఇంకో రెండు గడ్డలుంటే వాటికి ఎలాగూ గురిపెట్టి ఇవ్వాల్సిందే. అసలు ఆపరేషనే అక్కర్లేని చిన్న గడ్డలకి దీనితో పనే లేదు. మెషిన్ పేరు చెప్పి ఆశపెట్టేవాళ్ళు ఎవరైనా ఎదురైతే ఈ అయిదు ముక్కలూ అడగండి.

"మరి మా అక్కకి?" అని అడిగాను. ఆ డాక్టరమ్మ ఎమ్మారై చూసి, "కుదిరి ఉండేదేమో, కానీ అది ఆపరేషన్‌కి ముందు అనుకోవాల్సిన మాటమ్మా. ఇప్పుడు తల మూసేశారుగా" అంది. ఇంకోటి కూడా చెప్పింది. ముందుగానే గురిపెట్టి రేడియేషన్ ఇచ్చి, ఒకటి రెండు రోజుల్లో గడ్డ తీసే పద్ధతి కూడా ఉందట. చూశారా, రెండూ ముందే. ఆపరేషన్ తేదీ వేసే రోజున రేడియేషన్ డాక్టరు ఆ గదిలో ఉంటే తప్ప ఈ రెండు తలుపులూ తెరుచుకోవు. 'తర్వాత' అన్నాక మిగిలేది తల మొత్తానికా, గుంతకా అన్న ఒక్క ప్రశ్నే.

ఆ ప్రశ్న కూడా చిన్నదేం కాదు. ఇక్కడే ఆ డాక్టరమ్మ మా ముగ్గురి మొహాలూ చూసి, "పేషెంట్ ఏరి?" అంది. బావగారు, మావారు, నేను లోపల. అక్క బయట బెంచీ మీద. అప్పటిదాకా ప్రతిచోటా అంతే జరిగింది. మగవాళ్ళతో మాట్లాడటం, ఆమెకి 'చిన్న గడ్డ, తీసేశారు, బాగుంది' అని చెప్పడం. "ఆవిడ లేకుండా నేను చెప్పను" అంది డాక్టరమ్మ. బావగారు, "మేడమ్, తెలిస్తే తట్టుకోలేదు" అన్నారు. "నాలుగేళ్ళ క్రితం రొమ్ము తీయించుకుని, కీమోలన్నీ తట్టుకున్న మనిషేగా" అంది ఆవిడ.

అక్క వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పింది. తల మొత్తానికి ఇస్తే మెదడులో వేరేచోట కొత్తవి రావడం తగ్గుతుంది, కానీ జ్ఞాపకం దెబ్బతినే అవకాశం ఎక్కువ. గుంతకే ఇస్తే జ్ఞాపకం మెరుగ్గా నిలుస్తుంది, కానీ ప్రతి రెండు మూడు నెలలకీ ఎమ్మారై తీసి కాపలా కాయాలి, కొత్తవి వస్తే మళ్ళీ వైద్యం. ఆపరేషన్ అయినవాళ్ళ మీద చేసి 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరు నెలలకి బుద్ధి, జ్ఞాపకం తగ్గినవాళ్ళు తల మొత్తానికి తీసుకున్నవాళ్ళలో 85 శాతం, గుంతకే తీసుకున్నవాళ్ళలో 52 శాతం. బతికిన కాలంలో తేడా లేదు. (తల మొత్తానికి ఇచ్చేటప్పుడు కూడా జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగాన్ని తప్పించి, మెమాంటిన్ అనే మాత్ర కలిపి ఇస్తే నష్టం కొంత తగ్గించొచ్చంటున్నారు. అది తప్పనిసరైనవాళ్ళు ఈ సంగతి అడగండి.)

అక్క మొత్తం విని అడిగిన మొదటి ప్రశ్న, "నా చీటీల లెక్క ఉంటుందా పోతుందా?"

మావాళ్ళకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఇరవైమంది ఆడవాళ్ళ చీటీ పదిహేనేళ్ళుగా ఆమె నోటి లెక్క మీద నడుస్తోంది. ఎవరు ఏ నెల పాడుకున్నారు, ఎవరు ఎంత బాకీ, ఎవరి కూతురి పురిటికి ముందుగా ఇచ్చారు, అన్నీ బుర్రలోనే. పుస్తకం ఉంది గానీ అది బావగారి తృప్తికి. హ్యూస్టన్‌లోనే 2009లో చేసిన ఒక పరిశోధనలో జ్ఞాపకం కొలవడానికి పెట్టిన పరీక్ష ఏమిటో తెలుసా? పన్నెండు మాటలు చదివి వినిపించి, మళ్ళీ చెప్పమనడం. గురిపెట్టి ఇచ్చే రేడియేషన్‌కి తోడు తల మొత్తానికి కూడా ఇస్తే నాలుగు నెలలకి ఆ పరీక్షలో దిగజారే అవకాశం 52 శాతం, గురిపెట్టినది ఒక్కటే ఇస్తే 24 శాతం. పన్నెండు మాటలంటే మన కిరాణా చీటీ. కందిపప్పు, చింతపండు, ఇంగువ, అత్తగారి బీపీ మాత్ర, గ్యాస్ బుకింగు, పాలవాడికి రెండ్రోజులు నాగా. ఆఫీసుకెళ్ళే వాళ్ళ పని ఫైళ్ళలోనో కంప్యూటర్లోనో ఉంటుంది. ఇల్లాలి పని ఎక్కడుంటుంది? ఆమె తలలోనే. ఆ తలకి ఏ వైద్యమో ఆమెని అడక్కుండా ఎలా తేలుస్తారు?

అక్క గుంతకే ఇప్పించుకుంటానంది. ఆ చుక్కతో కలిపి ఐదు సిట్టింగుల్లో ఇచ్చారు. అయిదురోజులూ ఆ జాలీ మాస్కు మొహానికి బిగించుకుని పడుకుంది. "పెళ్ళినాడు బాసికం ఇంతకంటే గట్టిగా కట్టారులే" అంది.

ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ఎక్కడా రాయరు. 'ఒక్కసారిలో అయిపోతే బాగుండేది' అని నేనంటే మా చుట్టాల్లో ఒకావిడ, "తిప్పలేక అంటున్నావా?" అంది. తిప్పడం కష్టమే, దాచుకోను. వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ ఇస్తారు. దానికి ఆకలి మంటలా ఉంటుంది, నిద్ర ఉండదు, షుగర్ ఎక్కుతుంది, మొహం ఉబ్బుతుంది. రాత్రి రెండింటికి లేచి, "అమ్మాయ్, పెరుగన్నం ఉందా?" అని అడిగేది. నేను లేచి కలిపేదాన్ని. ఫిట్స్ మాత్ర వేళ తప్పకూడదు, ప్లానింగ్ స్కాన్ రోజు ఆటోలో గతుకులు తగలకూడదు, ఎదురుచూసే హాల్లో మూడుగంటలు కూర్చోవాలి. కానీ నా లెక్క నా రోజులది కాదు, ఆమెవి. ఎన్ని ఏళ్ళున్నాయో తెలియని మనిషికి ఏడు వారాలంటే మామూలు ఏడు వారాలా? ఆ ఏడు వారాల్లో ఒక్కరోజు కూడా ఆమె తణుకులో తన వంటింట్లో లేదు. ఒంటికి మందు మొదలుపెట్టలేదు. అది తిరుగుడు కష్టం గురించి కాదు, వైద్యం గురించే.

అలాగని ఆ గోళీ మెషిన్ ఉన్న హాస్పిటల్ కోసం పొలం అమ్ముకుని పరుగెత్తమనడం లేదు. అది మీ ఊళ్ళో లేకపోతే గుండెలు బాదుకోవద్దు. ఆపరేషన్ అయ్యాక మూడు నాలుగు వారాల్లో, గాయం మానగానే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ మంచి వైద్యమే, ఎక్కువమందికి అందేదీ అదే. కాకపోతే దాని తేదీ కూడా ఆపరేషన్ తేదీ వేసిన రోజే వేయించుకోండి. మెషిన్ లేకపోవడం ఒక లోటు. క్యాలెండర్లో తేదీ లేకపోవడం అంతకంటే పెద్ద లోటు, దానికి ఖర్చు కూడా లేదు.

న్యూరో సర్జన్లకి ఇదంతా తెలియదా అంటే, తెలుసు. మంచిచోట్ల సర్జనూ, రేడియేషన్ డాక్టరూ, కీమో డాక్టరూ కలిసి కూర్చుని ఒక్కో కేసూ మాట్లాడుకుంటారు, దాన్ని ట్యూమర్ బోర్డ్ అంటారు. "మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా?" అని అడగడానికి మనకి ఇంగ్లీషు చదువులేం అక్కర్లేదు. కోప్పడితే కోప్పడతారు. బంగారం కొట్లో తరుగు గురించి అరగంట వాదించే మనం, తల తెరిచే ముందు అయిదు నిమిషాలు అడగలేమా?

ఇక 'తెలిస్తే తట్టుకోలేదు' అనేవాళ్ళకి. మా అక్క ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. బాగా ఏడ్చింది. రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే పుస్తకం తెప్పించి, చీటీ సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్తూ నాచేత రాయించింది. బావగారికి తెలియని మూడు బాకీలు బయటపడ్డాయి. కూతురి డిగ్రీ అయ్యాక ఏంచేయాలో బావగారితో మాట్లాడింది, ఏ గొలుసు ఎవరికో చెప్పింది. బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే ఇవేవీ ఆమె చేసుకోలేకపోయేది. తట్టుకోలేనిది బావగారే అని నా అనుమానం, పాపం ఆయన ఇప్పటికీ రిపోర్టు కవరు విప్పరు.

మొన్నటి ఎమ్మారైలో గుంత శుభ్రంగా ఉంది. కుడిచేతి పట్టు పూర్తిగా రాలేదు, పిండి కలపడం ఎడమచేత్తోనే. మూడు నెలలకోసారి హైదరాబాదు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఫైలు తనే పట్టుకుంటుంది, నాకివ్వదు. డాక్టర్ని అడగాల్సినవి ఎడమచేతి కోడిగీతలతో ఒక కాగితం మీద రాసుకొస్తుంది. పోయినసారి కాగితంలో నాలుగో ప్రశ్న, కారు నడపడం నేర్చుకోవచ్చా అని. ఫిట్స్ మాత్రలు వేసుకుంటున్నంతకాలం వద్దన్నారు డాక్టరమ్మ. దానిమీద ఇంకా అలిగే ఉంది.